మదనపల్లె చలిలో పితికిపప్పు

చలికాలం వచ్చిందంటే రాత్రి వంట దగ్గర మనందరికీ బద్ధకమే కదండీ! ఆరు కాకుండానే చీకటి పడిపోతుంది. చన్నీళ్లలో చెయ్యి పెట్టాలంటే ప్రాణం ఒప్పుకోదు. ఇంట్లో వాళ్లేమో "వేడివేడిగా ఏదైనా చెయ్యకూడదూ?" అంటారు. పోనీ నలుగురు ఇంటికొస్తున్నారంటే బజ్జీలు, పకోడీలు తప్ప ఇంకేం తోచదు. అందుకే ఈసారి నేను చూసొచ్చిన ఒక ఊరి గురించి, ఆ ఊళ్లో చలికాలం వంటల గురించి మీకు చెబుదామని కూర్చున్నాను. ఆ వంటలు మా కోస్తా వాళ్లకి కొత్త. ఆ ఊరి వాళ్లకి మాత్రం తాతముత్తాతల నాటివి.

ఆ ఊరు మదనపల్లె. పూర్వపు చిత్తూరు జిల్లాలోది. మా అక్కావాళ్లు పాతికేళ్ల క్రితం బావగారి ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లి, ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. మాది తెనాలి. పిల్లల చదువులు, పరీక్షలు అంటూ ఎప్పుడూ వేసవిలో వెళ్లి నాలుగు రోజులుండి వచ్చేయడమే కానీ, చలికాలంలో ఆ ఊరు చూడటం కిందటి డిసెంబరులోనే మొదటిసారి. వెళ్లడానికి కారణం కూడా వేరే. బావగారు పోయి అప్పటికి పదమూడు నెలలైంది. సంవత్సరీకం పెట్టేశాక పిల్లలు బెంగుళూరు వెళ్లిపోయారు. అక్క ఒక్కతే ఉంటోంది. ఫోన్‌లో "బాగానే ఉన్నానే" అంటుంది కానీ ఆ గొంతు బాగా లేదు. పది రోజులుండి వద్దామని బయల్దేరాను.

తిరుపతి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. భాకరాపేట ఘాట్ ఎక్కి, పీలేరు మీదుగా మూడు గంటలకు పైనే పడుతుంది. పీలేరు దాటాక కిటికీ తెరిచి ఉంచలేకపోయాను, అంత చలిగాలి! మదనపల్లె సముద్రమట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలంలో హాయి, చలికాలంలో గజగజ! పొద్దున్న ఎనిమిదింటికి కూడా వీధిలో మంచు కమ్ముకుని ఉంటుంది. ఆడవాళ్లు స్వెట్టరు మీద కొంగు నిండా కప్పుకుని ముగ్గులు వేస్తుంటారు.

ఈ ఊరంటే చాలామందికి టమాటా మార్కెట్టే గుర్తుకొస్తుంది. కానీ దీనికి ఇంకా గొప్ప చరిత్ర ఉంది. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఇక్కడే. అనిబిసెంట్ 1915లో స్థాపించిన బి.టి. కాలేజీకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి, 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం ఇక్కడే రాశారు. అప్పటి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాశారని చెబుతారు. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం, చదువు కోసం మన దేశంలో ఎంతో పాటుపడ్డ మహా ఇల్లాలు ఆవిడ. ఆ కాలేజీ ముందునుంచి రిక్షాలో వెళ్లిన ప్రతిసారీ బావగారు ఈ కథంతా చెప్పేవారు. ఈసారి చెప్పేవాళ్లు లేరు.

ఇంటికి చేరిన రోజు రాత్రి అక్క నాకు రెండు చపాతీలు చేసి పెట్టింది. తను తినలేదు. "రాత్రిళ్లు మానేశానే, గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటాను" అంది. అంత చలిలో మజ్జిగా! ఫ్రిజ్ తెరిచి చూస్తే ఒక గిన్నెలో మొన్నటి పప్పు, ఇంకో గిన్నెలో ఎప్పటిదో ఉప్మా. "ఒక్కదానికి ఏం వండుకుంటాను? పొయ్యి వెలిగించడమే దండగ" అంది. ఏమీ అనలేకపోయాను. మీలోనూ ఈ మాట అన్నవాళ్లు, విన్నవాళ్లు ఉండే ఉంటారు.

మర్నాడు కూరగాయలకని బజారుకు వెళ్లాను. ఎక్కడ చూసినా గోతాల కొద్దీ ఆకుపచ్చటి కాయలు పోసి ఉన్నాయి. చూడటానికి మన చిక్కుడుకాయల్లాగే ఉన్నాయి కానీ పొట్టిగా, గింజ ఉబ్బి ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే జిడ్డు, ఒక ఘాటైన వాసన. అవే అనపకాయలు. చిక్కుడు జాతివే. మనం చిక్కుడుకాయని తొక్కతో సహా వండుకుంటాం. వీళ్లు తొక్క పారేసి గింజలే తింటారు. వేరుశెనగ చేలల్లో, రాగి చేలల్లో మధ్య మధ్య సాళ్లలో అనప వేస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీటి కాలం. పక్కనే ఉన్న కర్ణాటకలోనూ ఇవంటే పడి చస్తారు. అక్కడ వీటిని అవరెకాయి అంటారు. బెంగుళూరులో జనవరిలో వీటి కోసం ప్రత్యేకంగా మేళానే పెడతారు. "చేతికి వాసన అంటుకుంటేనే కాయ తాజాది లెక్క" అని కాయలమ్మే ఆవిడ చెప్పింది. సరదాపడి మూడు కిలోలు తూయించాను.

సంచీ చూడగానే అక్క గాభరాపడింది. "మూడు కిలోలే! ఇవి ఎవరు ఒలుస్తారే? ఒలిచాక నానబెట్టాలి, ఒక్కో గింజా పితకాలి. నలుగురు కూర్చుంటే అయ్యే పని" అంది. మరి ఇన్నేళ్లూ నువ్వెలా చేశావంటే, "అరుగు మీద పోసుకుంటే చుట్టుపక్కల వాళ్లు వచ్చేసేవాళ్లు. నేనూ వాళ్లిళ్లకి వెళ్లేదాన్ని" అంది. కిందటేడు ఎవరూ రాలేదట. ఈ ఏడు తనూ కాయలు కొనలేదట. నోముకీ, పేరంటానికీ పిలవడానికి వాళ్లకి మొహమాటం, పిలవకుండా వెళ్లడానికి తనకి మొహమాటం. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ గేటు మాత్రం మూసుకుపోయింది.

ఇక నేనే అరుగు మీద పాత చీర పరిచి, కాయలు పోసి ఒలవడం మొదలుపెట్టాను. పావుగంటకి కొండంత కుప్పలో గుప్పెడు గింజలు! అప్పుడు ఎదురింటావిడ గేటు దగ్గర ఆగింది. "ఏమమ్మా, అనపకాయలు తెచ్చినారా? ఒక మాట చెప్పుంటే మేమూ వస్తాము గదా!" అంటూ వచ్చి కూర్చుంది. అక్కకేసి చూడలేదు, ఏమీ అడగలేదు. కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆవిడ కోడలు, పక్కింటి టీచరమ్మ కూడా వచ్చారు. ఆ తర్వాత అక్క లోపలి నుంచి పీట తెచ్చుకుని కూర్చుంది. మూడు కిలోల కాయలకి గింజలు కిలోకి కాస్త పైన తేలాయి.

వాటిలో కొన్ని పక్కకు తీసి, మిగిలినవి రాత్రికి నీళ్లలో నానబెట్టాం. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అందరూ చేరారు. నానిన గింజని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కితే పైతోలు ఊడి లోపలి పప్పు టప్పున బయటికి దూకుతుంది. అలా పితికిన పప్పు కాబట్టి పితికిపప్పు! నేను నొక్కిన మొదటి గింజ వెళ్లి టీచరమ్మ కళ్లజోడుకి తగిలింది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. మసాలాలో గసగసాలు వెయ్యాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు. సోంపు వెయ్యాలని ఇంకొకరు. ఈ వాదన తేలకముందే పప్పంతా అయిపోయింది.

ఆ రాత్రి పితికిపప్పు కూర, రాగిసంగటి. పొయ్యి దగ్గర అక్కే నిలబడింది. "నీకు సంగటి కెలకడం రాదులే, పక్కకి జరుగు" అంది. ఇద్దరం కంచాలు పెట్టుకుని కూర్చున్నాం. అక్క ఒక ముద్ద పూర్తిగా తింది. ఇంకో అరముద్ద వేసుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. కాగితం, కలం తెచ్చుకోండి.

పితికిపప్పు కూర (నలుగురికి)

కావలసినవి: పితికిపప్పు రెండు కప్పులు, ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, ధనియాలు రెండు చెంచాలు, ఎండుమిరపకాయలు ఆరు, లవంగాలు మూడు, దాల్చినచెక్క చిన్న ముక్క, గసగసాలు ఒక చెంచా, పచ్చికొబ్బరి తురుము పావుకప్పు, వెల్లుల్లి రేకలు ఆరు, అల్లం చిన్న ముక్క, పసుపు చిటికెడు, నూనె మూడు పెద్ద చెంచాలు, ఉప్పు తగినంత, కొత్తిమీర.

చేసే విధానం: ధనియాలు, ఎండుమిర్చి, లవంగాలు, చెక్క, గసగసాలు దోరగా వేయించి, కొబ్బరి, అల్లం, వెల్లుల్లితో కలిపి మెత్తగా రుబ్బుకోవాలి. నూనె కాగాక ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేయించి, టమాటా ముక్కలు, పసుపు వేసి మగ్గనివ్వాలి. రుబ్బిన మసాలా వేసి నూనె తేలేదాకా వేయించాలి. తర్వాత పప్పు, ఉప్పు వేసి, మూడు గ్లాసుల నీళ్లు పోసి మూత పెట్టి సన్నని మంట మీద ఉడికించాలి. లేత పప్పయితే పావుగంట చాలు. గింజ పట్టి చూస్తే మెత్తగా నలగాలి కానీ పేస్టయిపోకూడదు. అందుకే కుక్కర్ జోలికి పోవద్దు. చల్లారేకొద్దీ కూర గట్టిపడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉండగానే దింపి కొత్తిమీర చల్లాలి. సంగటిలోకే కాదు, దోసెలు, పూరీలు, చపాతీలలోకి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది.

రాగిసంగటి (నలుగురికి)

కావలసినవి: బియ్యం ఒక గ్లాసు, రాగిపిండి గ్లాసున్నర, నీళ్లు అయిదు గ్లాసులు, ఉప్పు కొద్దిగా.

చేసే విధానం: బియ్యం కడిగి అరగంట నానబెట్టి, మందపాటి గిన్నెలో అయిదు గ్లాసుల నీళ్లతో ఉడికించాలి. అన్నం బాగా మెత్తబడి, ఇంకా నీళ్లు మిగిలి ఉండగానే రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు! కర్రతో కుప్ప మధ్య ఒక కన్నం చేసి, మూత పెట్టి సన్నని మంట మీద ఎనిమిది, పది నిమిషాలు ఉంచాలి. పిండి ఉడికిన వాసన వచ్చాక దింపి, గిన్నె కదలకుండా పట్టుకుని కర్రతో ఉండలు లేకుండా గట్టిగా కెలకాలి. చెయ్యి తడి చేసుకుని వేడిమీదే ముద్దలు చేసుకోవాలి. తినేటప్పుడు నమలకండి, పళ్లకు అంటుకుంటుంది. కూరలో ముంచి మింగేయడమే. అదీ అలవాటవ్వాలి. మొదటిరోజు నన్ను చూసి అక్క "పసిపిల్లలా తింటున్నావే" అంది.

వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నలభై దాటిన మన ఎముకలకి ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు పట్నాల్లో అందరూ రాగులు కొనుక్కున్నారు. మదనపల్లె పల్లెల్లో అంతకుముందే రోజూ తింటున్నారు.

ఇంత పని వారం మధ్యలో రాత్రిపూట ఎలా అంటారా? అక్క చెప్పిన ఉపాయం వినండి. ఆదివారం కాయలు ఒలిపించేయాలి. టీవీ చూస్తూ పిల్లలు, మగవాళ్లు కూడా ఒలవచ్చు, వాళ్ల వేళ్లేం అరిగిపోవు! రాత్రి నానబెట్టి, మర్నాడు పితికి, నీళ్లు వంపేసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు చెడదు. పైన డీప్‌ఫ్రీజర్‌లో అయితే ఇంకా ఎక్కువ రోజులుంటుంది. మసాలా కూడా ఒకేసారి రుబ్బి ఉంచుకుంటే, రాత్రి అరగంటలో కూర పొయ్యి దిగుతుంది. అనపకాయలు దొరకని ఊళ్లలో బాగా ముదిరిన చిక్కుడుగింజలు ఇలాగే నానబెట్టి పితికి చేసుకోండి. రుచి అంతా రాదు కానీ చలి రాత్రికి బాగానే ఉంటుంది. ఏ గింజలైనా పూర్తిగా ఉడకాలి, పచ్చిపచ్చిగా మాత్రం తినకూడదు.

ఆ వారంలోనే ఒకరోజు అక్కని బలవంతాన హార్సిలీహిల్స్‌కి బయల్దేరదీశాను. మదనపల్లెకి సుమారు ముప్ఫై కిలోమీటర్లు. ఎత్తు 1,265 మీటర్లు. పూర్వం ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఏనుగులు మల్లమ్మ అనే పాపని పెంచాయని స్థానికుల కథ, ఆవిడ గుడి కూడా ఉంది. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ దొర ఈ చల్లదనానికి ముచ్చటపడి 1870 ప్రాంతంలో ఇల్లు కట్టుకున్నాడు, ఆ పేరే స్థిరపడింది. మలుపులు తిరుగుతూ, నీలగిరి చెట్ల వాసన పీలుస్తూ పైకెక్కుతుంటే చెవులు గడ్డకట్టాయి. పక్కకు తీసి పెట్టిన అనపగింజలతో పొద్దున్నే చేసిన గుగ్గిళ్లు డబ్బాలో పెట్టుకెళ్లాం. గాలిబండ మీద కొంగు ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గుగ్గిళ్లు తిన్నాం. "మీ బావగారు ఇక్కడే కూర్చునేవారు" అని అక్క ఒక రాయి చూపించింది. ఇద్దరం వెళ్లి ఆ రాయి మీదే కూర్చున్నాం.

అనపగింజల గుగ్గిళ్లు

రెండు కప్పుల పచ్చి అనపగింజలు (పితకక్కర్లేదు, తోలుతోనే) ఉప్పు వేసి మెత్తగా ఉడికించి నీళ్లు వార్చాలి. ఆ నీళ్లు పారబోయకండి, చారులో పోసుకుంటే ఎంతో రుచి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి, గింజలు వేసి రెండు నిమిషాలు వేయించాలి. దింపాక కొబ్బరి తురుము, నిమ్మరసం కలపాలి. సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే పెట్టడానికి ఇంతకన్నా మంచి చిరుతిండి లేదు.

నేను బయల్దేరే ముందు రోజు పొద్దున్న అక్క తనే బజారుకెళ్లి రెండు కిలోల కాయలు తెచ్చింది. ఎదురింటి గేటు దగ్గర నిలబడి, "ఇవాళ మళ్లీ పితకాలి, అందరూ రండి. సాయంత్రం టీ, ఫలహారం మా ఇంట్లోనే" అని కేకేసింది. ఆ కేక వంటింట్లోకి వినిపించి నేను చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మధ్యలో వేణ్నీళ్లు పోసి నానబెట్టడంతో మధ్యాహ్నానికే గింజలు పితకడానికి వచ్చాయి. ఆ సాయంత్రం ఎనిమిదిమంది వచ్చారు. వాళ్ల కోసం చేసిందే ఈ మిక్చర్.

పితికిపప్పు మిక్చర్

కావలసినవి: పితికిపప్పు రెండు కప్పులు, వేరుశెనగగుళ్లు అరకప్పు, పుట్నాలపప్పు పావుకప్పు, ఎండుకొబ్బరి పలుకులు కొన్ని, కరివేపాకు గుప్పెడు, వెల్లుల్లి రేకలు అయిదారు, ఉప్పు, కారం, ఇంగువ, వేయించడానికి నూనె.

చేసే విధానం: పితికిన పప్పుని పొడిబట్ట మీద పరిచి గంట, రెండు గంటలు నీడలో ఆరనివ్వాలి. ఇది మరిచిపోవద్దు. తడి ఉంటే నూనె చిందుతుంది, చేతులు కాలతాయి. నూనె మధ్యస్థంగా కాగాక పప్పుని కొద్దికొద్దిగా వేసి వేయించాలి. నురగ తగ్గి, పప్పు పైకి తేలి, గరిటెతో కదిపితే గలగలమన్నాక తీసేయాలి. తర్వాత వేరుశెనగగుళ్లు, కొబ్బరి, పుట్నాలు, నలగ్గొట్టిన వెల్లుల్లి, కరివేపాకు విడివిడిగా వేయించి అన్నీ కలపాలి. వేడిమీదే ఉప్పు, కారం, ఇంగువ చల్లాలి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే వారం రోజులు కరకరలాడుతూనే ఉంటుంది. పుట్టినరోజులకి, కొత్త సంవత్సరానికి, సంక్రాంతి చుట్టాలకి ముందే చేసి ఉంచుకోవచ్చు.

అక్క నన్ను బస్సెక్కించడానికి వచ్చి, సంచీలో ఒక డబ్బా మిక్చర్, కిలో రాగిపిండి పెట్టింది. ఈ మధ్య ఫోన్ చేసినప్పుడు "రాత్రి ఏం తిన్నావక్కా?" అని అడుగుతున్నాను. ఒక్కోరోజు మజ్జిగే అంటుంది. ఒక్కోరోజు మాత్రం "ఎదురింటావిడ అనపగింజలు ఇచ్చిందే, చారు పెట్టాను" అంటుంది. ఆ రోజు నాకు మంచి నిద్ర పడుతుంది.

మీకూ నాదొక మాట. పేరంటానికి బొట్టు పెట్టి పిలవాలి, దానికి లెక్కలున్నాయి. పితికిపప్పుకి అవేవీ లేవు. మీ వీధిలోనూ రాత్రిపూట పొయ్యి వెలిగించని ఇల్లు ఒకటి ఉండొచ్చు. ఈ చలికాలం అనపకాయలో, చిక్కుడుకాయలో, బఠాణీలో, ఏవో ఒకటి రెండు కిలోలు తెచ్చుకుని, ఒలవడానికి ఆ ఇంటి అరుగు మీదే కూర్చోండి. కూర అయ్యాక ఒక గిన్నె అక్కడే వదిలి రండి.